ఒంటి మీది బొమ్మకు ఇద్దరు కర్తలు

పులివేషం కట్టినవాడి వీపు మీద నల్ల చారలు గీసే మనిషి సమకాలీన చిత్రకారుడే. ఈ ఒక్క మాట కోసం మా ఊళ్లో చాలామందితో వాదించాను. బరంపురంలో ఒక చిత్రకళా ప్రదర్శనకు ఏర్పాట్లు జరుగుతున్నప్పుడు ఈసారి కొత్త కళలకూ చోటిద్దామని నిర్వాహకులు అనుకున్నారు. టాటూకు ఒక గది, ఒంటి మీద రంగులు వేసే కళకు ఒక వేదిక కేటాయించి, విశాఖపట్నం నుంచీ భువనేశ్వర్ నుంచీ కళాకారులను పిలవాలన్నారు. ఊళ్లోని రంగులవాళ్లనూ పిలుద్దామని నేనంటే, "అది జాతర పని కదండీ, మనం పెడుతున్నది కళా ప్రదర్శన" అన్నారు. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. అంత మామూలుగా అనగలిగారన్నదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

మా ఊరి సంగతి తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్న బరంపురం పట్టుకు పేరుపడ్డ ఊరు. ఇక్కడి పట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. ఆ పట్టు నేసిన వారిలో దేరాలు ముఖ్యులు. మహురి రాజులు రాజమహేంద్రవరం వైపు నుంచి రప్పించిన తెలుగు నేతగాళ్ల సంతతి తామని వాళ్లు చెప్పుకుంటారు. వాళ్ల కులపెద్దను దేశిబెహెరా అంటారు. ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి ఆ ఇంటి ఆడపడుచు. రెండేళ్లకోసారి, వేసవి మొదట్లో, అమ్మవారు దేశిబెహెరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. అదే ఠాకురాణి యాత్ర. మూడు వారాలకు పైగా ఊరంతా నిద్రపోదు. కోరిక తీరినవాళ్లు, తీరాలనుకునేవాళ్లు మొక్కుగా వేషాలు కడతారు. ఎన్ని వేషాలున్నా జనం వీధుల్లోకి పరుగెత్తుకొచ్చేది పులికోసమే. ఒడియాలో బాఘ నాచ అంటారు. మేము ఇంట్లో పులివేషం అనే అంటాం.

మా మేనమామ మొక్కు తీర్చుకోవడానికి పులివేషం కట్టినప్పుడు ఆ పని మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. ముందురోజే ఒంటి మీది వెంట్రుకలన్నీ తీయించేశారు. తెల్లవారకముందే దొడ్లో రెండు గుంజలకు అడ్డంగా కట్టిన వెదురు పట్టుకుని నిలబడ్డాడు. మొదట ఒళ్లంతా పసుపు రంగు. అది ఆరేదాకా కూర్చోకూడదు, గోడకు ఆనకూడదు, చేతులు దించకూడదు. తర్వాత పొట్టకూ తొడల లోపలి వైపుకూ తెలుపు. ఆ తర్వాత నలుపు మొదలవుతుందనుకున్నాను. రంగులాయన కుంచె పక్కన పెట్టి, "ఒకసారి వంగు బాబూ, నాలుగడుగులు పులి లాగా వెయ్యి" అన్నాడు. మామయ్య వంగి నడిచాడు. రంగులాయన తనూ వెనకే వంగి నడుస్తూ మామయ్య వీపు చూశాడు. ఊపిరి పీల్చి బిగబట్టమన్నాడు, వదలమన్నాడు. చేయి ఎత్తించాడు, భుజం తిప్పించాడు. ఇదంతా అయ్యాకే మొదటి చార పడింది.

వెన్నెముక దగ్గర లావుగా మొదలై, పక్కటెముకల మీదికి వచ్చేసరికి సన్నబడి, కొసన రెండుగా చీలిన చార అది. భుజం ఎముక మీద మాత్రం కావాలని కొంత మేర పసుపు అలాగే వదిలాడు. అక్కడ ఎందుకు వదిలారని అడిగాను. "నిలబడితే ఖాళీగానే ఉంటుందమ్మా, వంగితే కలుస్తుంది" అన్నాడు. సాయంత్రం డప్పుల హోరులో మామయ్య నాలుగు కాళ్ల మీదికి దిగినప్పుడు ఆ చారలు దగ్గరకు జరిగి కలిశాయి. వీపు మీద ఒక్కసారిగా కండ పొంగినట్టు కనిపించింది. గుంపులో పిల్లలు వెనక్కి గెంతారు. నేను డ్రాయింగ్ నేర్చుకున్నదాన్ని, నేర్పుతున్నదాన్ని. కదలికను లెక్కలో పెట్టుకుని, కదలిక వచ్చినప్పుడే పూర్తయ్యే బొమ్మ వేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాగితం ఊపిరి తీసుకోదు, కాబట్టి కాగితం మీద ఆ సమస్యే రాదు.

ఇది మా ఒక్క ఊరి విద్య కాదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగ జాతరలో రోజుకో వేషం ఉంటుంది. నామసుద్దతో బైరాగి, కుంకుమతో బండ, బొగ్గుతో తోటి, చందనంతో దొర. త్రిశ్శూరులో ఓణం నాలుగో నాడు పొట్ట మీద పులి ముఖమే గీస్తారు. పొట్ట కదిలితే పులి నోరు తెరుస్తుంది. ఇవన్నీ ఏటా, రెండేళ్లకోసారి, కొత్త ఒళ్ల మీద కొత్తగా జరుగుతున్న పనులు. ఆస్ట్రియాలో సీబోడెన్ అనే ఊళ్లో 1998లో మొదలైన ప్రపంచ శరీర చిత్రకళా ఉత్సవాన్ని కొత్త కళ అంటున్నాం. అక్కడ వాడేదీ మనిషి ఒళ్లూ, రంగూ, కుంచే. దేశిబెహెరా వీధిలో అదే పని జరిగితే కళ కాకుండా ఎలా పోతుంది?

"భక్తి ఉంది కాబట్టి" అన్నారు ఒక మిత్రుడు. భక్తి ఉంటే కళ కాదన్న నియమం పెడితే మన దేశంలో ప్రదర్శనశాలలు సగం ఖాళీ చేయాలి. "యంత్రం లేదు, చదువు లేదు" అన్నారు ఇంకొకరు. టాటూ యంత్రాన్నే తీసుకుందాం. న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ దానికి పేటెంటు పొందింది 1891లో. దానికి ఆధారం 1876 నాటి ఎడిసన్ విద్యుత్ కలం. కాగితానికి చిల్లులు పొడిచి నకళ్లు తీసే సాధనం అది. గిడుగు రామమూర్తి గారు మాకు పొరుగునే ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్న కాలం నాటి యంత్రాన్ని కొత్తదనానికి కొలతగా పెట్టుకోవడంలో అర్థం లేదు.

నా వాదన అసలు ఇక్కడ మొదలవుతుంది. ఒంటి మీద వేసే బొమ్మకు కర్త ఒక్కరు కాదు. వేసేవారు ఒకరు, మోసేవారు ఒకరు. ఆ ఇద్దరి మధ్య ఒప్పుదల ఉంది, నమ్మకం ఉంది, నొప్పో ఓర్పో ఉంది. అవి లేకపోతే ఆ బొమ్మే లేదు. మామయ్య వెదురు పట్టుకుని గంటల తరబడి నిలబడకపోతే, చెప్పినట్టు వంగి నడవకపోతే, ఆ వీపు మీది పనితనం ఎవరికీ కనిపించేది కాదు. ఈ ఇద్దరిలో ఒకరిని మరిచిపోయినప్పుడల్లా ఈ కళలో ఏదో ఒక అన్యాయం జరిగింది.

పెద్ద పేర్లున్న చోటా జరిగింది. 1960 మార్చిలో పారిస్‌లో ఈవ్ క్లైన్ అతిథులను పిలిచి, వాద్యకారుల చేత ఒకే స్వరం వాయింపజేస్తూ, వివస్త్రలైన యువతులకు నీలిరంగు పూయించి కాగితాల మీద అద్దించాడు. తాను మాత్రం విందు దుస్తుల్లో నిలబడి సూచనలిచ్చాడు. వాళ్లను సజీవమైన కుంచెలన్నాడు. ఆ నీలి ముద్రలు అందంగా ఉంటాయి, కాదనను. ఆ ఒళ్ల యజమానులు ఎంతమందికి గుర్తున్నారు? బెల్జియం కళాకారుడు విమ్ డెల్వోయ్ ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. 2006లో టిమ్ స్టైనర్ అనే స్విట్జర్లాండ్ వాసి వీపంతా పచ్చబొట్టు పొడిపించడం మొదలుపెట్టాడు. 2008లో ఆ పని ఒక జర్మన్ సేకర్తకు లక్షా యాభై వేల యూరోలకు అమ్ముడుపోయింది. స్టైనర్ ప్రదర్శనశాలల్లో చొక్కా విప్పి కదలకుండా కూర్చుంటాడు. ఆయన చనిపోయాక ఆ చర్మాన్ని చట్రంలో బిగించి సేకర్తకు ఇవ్వాలని ఒప్పందం. ఆయనకు ఇష్టమే, ఆ సొమ్ములో వాటా కూడా ఇచ్చారు. అయినా మనిషిని వదిలి చర్మం ఒక్కటే మిగిలే రోజు కోసం ఎదురుచూసే కళను నేను ఇష్టపడలేను. మా రంగులాయన వేసిన పులి ఆ రాత్రే చెమటకు కరిగింది. మిగతాది కిరోసిన్‌తోనూ కొబ్బరినూనెతోనూ వదిలించుకున్నారు. దాన్ని ఎవరూ కొనలేరు.

పచ్చబొట్టు దగ్గరికి వస్తాను. మా అమ్మమ్మ గడ్డం మీద మూడు చుక్కలు, కుడి ముంజేతి మీద తేలు ఉండేవి. ఎరుకల ఆడవాళ్లు అరుగు మీద కూర్చోబెట్టి, సూదులన్నీ కట్టగా కట్టి, దీపపు మసి పసరులో కలిపి పొడిచేవారట. పొడుస్తున్నంతసేపూ నొప్పి మరిపించడానికి పాట పాడేవారట. ఆ పాట అమ్మమ్మకు ముసలితనం దాకా గుర్తుంది. పొడిచిన ఆవిడ ముఖం కూడా గుర్తుంది. ఊరు తిరిగే ఆ స్త్రీ పేరు అడగాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. చేటెడు బియ్యం పోసి పంపారు.

ఆ తేలు అరవై ఏళ్లకు పైగా ఎలా నిలిచిందో చూస్తే, మోసేవారు కూడా కర్తేనన్న నా మాట ఇంకా గట్టిపడుతుంది. సూది మసిని పైచర్మం దాటించి లోపొరలో దించుతుంది. ఒంట్లో రక్షణ కణాలు దాన్ని బయటి శత్రువనుకుని మింగి పట్టుకుంటాయి. ఒకసారి మింగిన కణమే జన్మంతా పట్టుకుని ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సే పరిశోధకులు ఎలుకల మీద చూస్తే తేలింది వేరు. ఆ కణం చచ్చిపోయి రంగును వదిలేస్తుంది, దాని చోటుకు వచ్చిన కొత్త కణం ఆ రంగును మళ్లీ పట్టుకుంటుంది. అలా చేతులు మారుతూ బొమ్మ నిలుస్తుంది. పొడిచిన ఆవిడ పని పూట గడవకముందే అయిపోయింది. అమ్మమ్మ ఒళ్లు మాత్రం ఆ తేలును చివరిదాకా నిలబెడుతూనే ఉంది.

ఇప్పుడు మా ఊళ్లో టాటూ దుకాణాలున్నాయి. కుర్రవాళ్లు శ్రద్ధగా పనిచేస్తున్నారు. కొత్త సూది, చేతికి తొడుగులు, చిన్న మూతల్లో ఏ మనిషికామనిషికి వేరుగా రంగు. ఎరుకల స్త్రీ కట్ట సూదుల కంటే ఇది ఎంతో క్షేమం, ఆ విషయంలో పాతకాలాన్ని పొగడను. ఒకరి గీత చూస్తే నాకే అసూయ కలిగింది. చిక్కంతా వాళ్ల ఆల్బమ్‌లలో 'ట్రైబల్' అన్న పేరుతో ఉండే పుటలతో. ఎక్కడెక్కడివో గీతల మధ్య కంధమాల్ వైపు కుటియా కొంధు స్త్రీల చెంపల మీది కోణాలు, గజపతి జిల్లా సవర స్త్రీల నుదుటి గీత కనిపించాయి. ఎవరివి అని అడిగితే, నెట్‌లో దొరికాయన్నారు. ఇక్కడి నుంచి బస్సెక్కితే వెళ్లి కలవగలిగిన ఆడవాళ్ల ముఖాలు అవి!

ఒకరి ముఖం మీది గీత మరొకరి భుజం మీద అలంకారంగా మారేటప్పుడు మధ్యలో ఏదో ఒక అడగడం ఉండాలి. చట్టం ఇక్కడ పెద్దగా సాయం చేయదు. 2011లో అమెరికాలో ఒక టాటూ కళాకారుడు, బాక్సర్ మైక్ టైసన్ ముఖం మీద తాను పొడిచిన బొమ్మను సినిమావాళ్లు వేరే నటుడి ముఖం మీద వాడుకున్నారని దావా వేశాడు. చివరకు రాజీ కుదిరింది. ఆ బొమ్మ శైలి న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల 'మోకో' అనే పచ్చబొట్టు నుంచి వచ్చింది. మావోరీల ముఖాల మీది గీత వంశాన్ని చెబుతుంది. హక్కు ఎవరిదన్న ఆ తగవులో వాళ్లు ఒక పక్షంగా కూడా లేరు. చేతికి దొరికినదాన్ని గీసినవాడికి హక్కు పుట్టింది. తరతరాలుగా ముఖాన మోసినవాళ్లకు పుట్టలేదు.

మన దగ్గర 2024 జనవరిలో లాంజియా సవరల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. డోంగ్రియా కొంధులు కుట్టే కప్డాగండా శాలువకూ అప్పుడే వచ్చింది. చాలా సంతోషించాను. సవరల గోడ చిత్రం ఊరికే సోకు కోసం వేసేది కాదు. పూర్వీకులో దేవతలో వచ్చి నిలిచేందుకు వేసేది. వేసే ముందూ, వేశాకా వాళ్ల అనుమతి కావాలి. గుర్రాలూ, ఏనుగులూ, మనుషులూ ఉన్న ఆ చిత్రాలు ఇప్పుడు చీరల మీదికీ, కప్పుల మీదికీ వచ్చేశాయి కాబట్టి ఆ గుర్తింపు అవసరమే. అది సరుకుకిచ్చే గుర్తింపు. గోడ మీది చిత్రం సరుకు కాగలదు. నుదుటి గీతను సరుకు చేయమని నేను అడగలేను, అడగకూడదు. కాబట్టి ముఖం మీది గీత విషయంలో మిగిలింది మన మర్యాద ఒక్కటే.

ఇక్కడ నన్ను నిలదీసేవారున్నారు. ఆ కొంధు స్త్రీలను చిన్నప్పుడు ఎవరైనా అడిగి పొడిచారా అని. ఈ ప్రశ్న న్యాయమైనది. సుమారు పదేళ్ల వయసు ఆడపిల్లను పట్టి కూర్చోబెట్టి ముఖమంతా సూదులతో పొడిచారు. చచ్చాక ఆత్మల లోకంలో ఒకరినొకరు గుర్తుపట్టడానికి అని ఒక కారణం చెబుతారు. దొరల కన్ను పడకుండా అందం దాచడానికి అని ఇంకొకటి చెబుతారు. ఏ కారణమైనా ఆ పిల్ల ఒప్పుదలకు చోటులేదు. ఒప్పుదలే ఈ కళకు ప్రాణమని వాదిస్తున్నదాన్ని, ఇక్కడ కళ్లు మూసుకోలేను. రాయగడ వైపు నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న ఒక కొంధు అమ్మాయి నాతో అన్న మాటలు రాస్తాను. "మా అవ్వ ముఖం నాకు చాలా ఇష్టం. నా ముఖం మీద మాత్రం వద్దు. అవ్వ కూడా వద్దంది. ఫొటోలు తీసేవాళ్లే నన్ను ఎందుకు పొడిపించుకోలేదని అడుగుతారు." బయటివారు ఆమె మీద మోపే బెంగ ఇది. మీ సంప్రదాయం పోతోందే అంటూ, ఆ సంప్రదాయానికి తమ చెంప మాత్రం ఇవ్వని మనుషుల బెంగ. వద్దన్న ఆ అమ్మాయి ఆ కళను చంపడం లేదు. అందులో ఇంతవరకూ లేని ఒప్పుదలను ఆమే తెచ్చింది. రేపు ఆమె కూతురు కావాలంటే, అదీ ఆమె ఇష్టం.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. కేంద్ర పోలీసు బలగాల కానిస్టేబుల్ కొలువులకు వెళ్లే మా జిల్లా కుర్రవాళ్లకు పచ్చబొట్ల నియమాలు నోటికి వచ్చు. సెల్యూట్ చేయని ముంజేతి లోపలి వైపు గానీ, అరచేతుల వెనక వైపు గానీ ఉండాలి, ఆ భాగంలో నాలుగో వంతు కంటే చిన్నదై ఉండాలి. ప్రేమించిన పిల్ల పేరు తప్పు చోట పొడిపించుకుని, తర్వాత లేజర్‌తో చెరిపించుకోవడానికి అప్పులు చేసినవాళ్లున్నారు. సైన్యం నియామకాల్లో మాత్రం, తమ ఆచారం ప్రకారం పచ్చబొట్లు ఉన్న గిరిజన అభ్యర్థులకు సడలింపు ఉంది. ఒకే గీత ఎవరి ఒంటి మీద, ఏ సంబంధంతో ఉందన్నది చూడాలని సైనిక నియామకాలవాళ్లకు తోచింది. మా ప్రదర్శన నిర్వాహకులకూ తోచాలని కోరుకోవడం అత్యాశ కాదు.

గీతల సొంతదారులు తామే దారి మార్చుకున్న చోట ఏం జరిగిందో కూడా చూడండి. బిహార్‌లో మిథిల చిత్రకళను పైకులాల స్త్రీలు వేస్తుంటే, దుసాధ్ కులపు స్త్రీలు తమ ఒంటి మీది గోద్నా, అంటే పచ్చబొట్టు, గీతలను కాగితం మీదికి తెచ్చారు. చానో దేవి వాళ్లలో మొదటి తరం. వరుసలు వరుసలుగా సన్నని బొమ్మలు, చుక్కలు, వలయాలు. అదే బాటలో పనిచేసిన శాంతీదేవి పాశ్వాన్, శివన్ పాశ్వాన్ దంపతులకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఒంటి మీద తక్కువ కులానికి గుర్తుగా చూసిన గీతను వాళ్లే తీసి, వాళ్లే సంతకం చేసి, వాళ్లే అమ్మారు. 2021లో న్యూజిలాండ్‌లో మావోరీ పాత్రికేయురాలు ఒరీనీ కైపారా గడ్డం మీద మోకోతో టీవీలో ప్రధాన వార్తలు చదివింది. అది ఆమె వంశపు గీత, ఆమె ఎంచుకున్న ముఖం. ఈ రెండింటిలోనూ బొమ్మ బయటికి నడిచింది, దాని మనుషులతో కలిసి నడిచింది.

"ఇన్ని షరతులు పెడితే కళ ఎదుగుతుందా? అన్నీ ఇచ్చిపుచ్చుకున్నవే కదా" అంటారు. ఇచ్చిపుచ్చుకోవడం గురించి బరంపురం తెలుగువాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మా పట్టే అలా వచ్చింది. మహురి రాజుకు గోదావరి తీరపు నేత కావలసి వచ్చినప్పుడు చీర ఒకటి తెప్పించి నకలు తీయించలేదు. మనుషులను పిలిచాడు, వీధి ఇచ్చాడు, మగ్గాలకు నీడ ఇచ్చాడు. ఊరి దేవత వాళ్లింటి కూతురయింది. ఇప్పటికీ ఆమె పుట్టింటికి రావాలంటే దేశిబెహెరా గడప పిలవాలి. ఒక విద్య ఊరు మారితే ఆ విద్య గలవాళ్లకు దక్కవలసిన మర్యాద ఎంతో మా ఊరికి ఇంత వివరంగా తెలుసు. మరి చెంప మీది గీతకు ఆ లెక్క ఎందుకు వర్తించదు?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. బొమ్మ ఏ ప్రదర్శనలో ఉన్నా, ఏ ఫొటోలో ఉన్నా, వేసినవారి పేరు, మోసినవారి పేరు రెండూ ఉండాలి. ఎవరి పేరైనా వద్దంటే వద్దు. టాటూ దుకాణాలవాళ్లు ముఖాల మీది గీతలున్న పుటలు ఆల్బమ్‌లోంచి తీసేయాలి. ఇద్దరు కుర్రవాళ్లు నా మాట విని తీసేశారు. ఒకరు బేరం పోతుందన్నారు, ఆయనతో ఇంకా మాట్లాడుతున్నాను. పులివేషాలకు కొట్లో దొరికే ఎనామిల్ రంగు మానాలి. మామయ్య చర్మం వారం రోజులు మండింది, కిరోసిన్‌తో రుద్దాక ఇంకా పెరిగింది. చర్మానికి పడే రంగులు ఖరీదు ఎక్కువ. ఆ తేడా రంగులాయన కూలిలోంచి పోకూడదు.

వచ్చే యాత్రలోగా రంగులవాళ్లు, వేషం కట్టేవాళ్లు కూర్చుని తెలుగులోనూ ఒడియాలోనూ ఒక ఒప్పంద పత్రం రాసుకోవాలని కొందరం తిరుగుతున్నాం. పేర్ల విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు. కూలి విషయం దాదాపు తేలింది. రంగు ఖర్చు మొక్కుకున్నవాడు భరించాలా, వీధి కమిటీ భరించాలా అన్నది మాత్రం తేలలేదు. వీధి కమిటీయే భరించాలని నా వాదన. ఆ పులిని చూడటానికి వీధంతా బయటికి వస్తోంది కాబట్టి.